చెరకు గానుగలు, రబ్బరు తీగలు: జావా, కాంగోలలో వలసపాలన జాడలు

ఒక ప్రాంతం నేడు పేదగా ఉండడానికి ఒకనాటి పరాయి పాలన కారణమా, లేక అక్కడి నేల, వాతావరణం, అంతకుముందరి రాజకీయ స్థితి కారణమా అన్నది తేల్చడం కష్టం కాబట్టి, వలసపాలనలను పోల్చి చూసే పరిశోధకులు ఇటీవల దేశాలకు బదులు గ్రామాలను పోలుస్తున్నారు. అన్ని విధాలా ఒకేలా ఉండి, వలస దోపిడీకి లోనైన ఊళ్లను, కొద్ది దూరంలో దాన్ని తప్పించుకున్న ఊళ్లను పక్కపక్కన పెట్టి చూడడం ఈ పద్ధతి. దీని ద్వారా జావాలో, కాంగోలో తేలిన ఫలితాలు ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తాయి.

జావాలో దిపొనెగొరో అనే రాకుమారుడు తన మీద నడిపిన అయిదేళ్ల యుద్ధంతో ఖజానా ఒట్టిపోయిన డచ్చి ప్రభుత్వం, 1830లో గవర్నర్ జనరల్ వాన్ డెన్ బోష్ ద్వారా నిర్బంధ సాగును ప్రవేశపెట్టింది. ప్రతి గ్రామం తన భూమిలో ఐదో వంతును చెరకు, నీలిమందు వంటి ఎగుమతి పంటలకు కేటాయించాలన్నది కాగితం మీది నియమం. ఆచరణలో భూమీ, వెట్టిచాకిరీ అంతకు మించిపోగా, వరి పండక 1840లలో దెమాక్, గ్రోబొగాన్ ప్రాంతాల్లో జనం కరువుతో చనిపోయారు. ముల్తాతులి 1860లో ప్రచురించిన ‘మాక్స్ హవెలార్’ నవల జావా ప్రజల బాధను డచ్చి పాఠకుల ముందుకు తెచ్చింది. ఇంత జరిగినా, మెలిస్సా డెల్, బెంజమిన్ ఓల్కెన్ చేసిన అధ్యయనం ప్రకారం, అప్పటి చక్కెర మిల్లుల చుట్టుపక్కల ఊళ్లలో నేడు పరిశ్రమలు, రోడ్లు, చదువు ఇతర ఊళ్లకంటే మెరుగ్గా ఉన్నాయి.

కాంగోలో కనిపించేది ఇందుకు విరుద్ధం. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ 1885 నుంచి 1908 దాకా సొంత ఆస్తిగా ఏలిన ఆ దేశంలో, అబీర్, ఆన్వెర్సువాజ్ అనే కంపెనీలకు అడవుల మీద గుత్తాధికారం దక్కింది. మగవారు అడవి తీగల నుంచి నిర్ణీత పరిమాణంలో రబ్బరు తెచ్చేదాకా వారి భార్యలను బందీలుగా ఉంచడం, తేలేని ఊళ్లను తగలబెట్టడం, చేతులు నరకడం అక్కడ పాలనా పద్ధతులుగా మారాయి. సారా లోవ్స్, ఎడ్వర్డో మోంటేరో పరిశీలించగా, ఆ గుత్త ప్రాంతాల్లోని ప్రజలు నేటికీ పక్క ప్రాంతాలవారికంటే చదువులోనూ, సంపదలోనూ, ఆరోగ్యంలోనూ వెనుకబడి ఉన్నారు.

ఈ తేడా పాలకుల మనస్తత్వం నుంచి కాక, సరుకు స్వభావం నుంచి పుట్టిందన్నదే సరైన వివరణగా తోస్తుంది. నరికిన చెరకు త్వరగా పాడవుతుంది కాబట్టి దాన్ని అక్కడికక్కడే ఆడడానికి మిల్లు, మోసుకుపోవడానికి బాట అవసరమయ్యాయి. అడవి తీగను పిండడానికి తుపాకీ తప్ప మరేదీ అక్కర్లేకపోయింది. గ్రామపెద్దల సంగతీ ఇందులో భాగమే. స్థానిక పెద్దల చేత జనాన్ని ఏలించే పరోక్ష పాలనలో, కంపెనీలు తమ మాట వినేవారినే కాంగోలో పెద్దలుగా నిలిపాయి. వారి స్థానాలు వారసత్వంగా సాగుతూ, ఊరి బాగోగులకు జవాబుదారీ లేనివిగా మిగిలాయి. అదే ప్రాంతాల్లో సామాన్యుల మధ్య పరస్పర విశ్వాసం, పంచుకునే గుణం ఎక్కువగా కనిపించడం కాంగో అధ్యయనంలో అన్నిటికన్నా గమనించదగ్గ విషయం.

అయితే జావా ఫలితాన్ని వలసపాలనకు యోగ్యతాపత్రంగా చదవడం తీవ్రమైన పొరపాటు. ఆ లెక్క ఒక జావా గ్రామాన్ని మరో జావా గ్రామంతో పోల్చిందే గాని, పరాయి పాలన లేని జావాతో పోల్చలేదు. 1850లలో డచ్చి ప్రభుత్వ రాబడిలో ఇంచుమించు మూడో వంతుగా సముద్రం దాటిన జావా సొమ్ము అందులో కనబడదు. కరువులో పోయినవారూ కనబడరు. కాంగో విషయంలో ఈ లోటు మరీ పెద్దది: 1908లో దేశాన్ని బెల్జియం ప్రభుత్వానికి అప్పగించే ముందు లియోపోల్డ్ పాలనా పత్రాలను తగలబెట్టించినందువల్ల, అక్కడి మృతుల సంఖ్య విషయంలో చరిత్రకారులు నేటికీ అంచనాల మీదనే ఆధారపడుతున్నారు.