కొరివి దయ్యం వెలుగు ఎక్కడిది?

చీకటి రాత్రి చెరువు లోతట్టులోనో, వల్లకాటి దిక్కునో, చిత్తడి నేల మీదో ఉన్నట్టుండి వెలిగి ఆరిపోయే మంటను తెలుగు పల్లెలు కొరివి దయ్యమన్నాయి. దగ్గరికి వెళితే వెనక్కి జరుగుతుందని, వెంటపడితే దారి తప్పిస్తుందని పెద్దలు హెచ్చరించేవారు. బెంగాల్ చిత్తడుల్లో దీని పేరు ఆలేయా. చేపల వేటలో ప్రాణాలు పోగొట్టుకున్న జాలర్ల ఆత్మలే ఆ వెలుగులని అక్కడి నమ్మకం. కొన్ని పడవను ముంచుతాయట, కొన్ని ముప్పు తప్పిస్తాయట. కచ్‌లోని బన్నీ గడ్డిభూముల్లో దాన్నే చిర్ బత్తీ అంటారు.

వెలుగు వెనక్కి జరగడం కల్పన కాదు. 19వ శతాబ్దంలో లూయీ బ్లెసన్ అనే సైనికాధికారి జర్మనీ అడవిలోని బురదనేల మీద ఇలాంటి మంటలను రాత్రుళ్లు కాపు కాసి పరిశీలించాడు. ఆయన అడుగు వేసిన కొద్దీ మంట జరిగిపోయేది. మనిషి కదలికకు, ఊపిరికి గాలి చెదిరి మంటను నెడుతోందని గ్రహించి, ముఖం పక్కకు తిప్పుకుని కదలకుండా నిలబడ్డాడు. మంట దగ్గరికొచ్చింది. అందులో పెట్టిన కాగితం కమిలింది. మరో ప్రయత్నంలో సన్నని కాగితం ముక్క అంటుకుంది కూడా. దయ్యాల పరిశోధన ఎలా సాగాలో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు: ఊరివాళ్ల మాటను కొట్టిపారేయకుండా, దాన్నే పరీక్షకు పెట్టాడు.

బురదలో కుళ్లిన ఆకూ అలమూ మీథేన్‌ను పుట్టిస్తాయి. చిత్తడుల నుంచి పైకొచ్చే ఈ వాయువును ఇటలీలో శాస్త్రవేత్త వోల్టా 1776లో సేకరించి మండించి చూశాడు. అయితే మీథేన్ తనంతట తాను అంటుకోదు. గాలి తగలగానే మండే, ఫాస్ఫరస్ కలిసిన వాయువే నిప్పు రాజేస్తుందని చాలాకాలం చెప్పుకున్నారు. 2025లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ జేర్, సహచరులు మరో దారి చూపారు. నీటిలోని సూక్ష్మమైన మీథేన్ బుడగల నడుమ పుట్టే చిన్న విద్యుత్ మెరుపులే వాయువును వెలిగించగలవని ప్రయోగశాలలో చూపించారు. చెరువులో జరిగేదీ అదేనా అన్నది ఇంకా తేలాలి.

అన్ని వెలుగులూ ఈ లెక్కకు లొంగవు. నార్వేలోని హెస్‌డాలెన్ లోయలో 1981 నుంచి వింత కాంతులు తరచూ కనిపించాయి. 1984 చలికాలంలో పరిశోధకులు రాడార్, కెమెరాలతో అక్కడ మకాం వేశారు. 1998లో స్వయంచాలక పరిశీలన కేంద్రం పెట్టారు. కొన్ని కాంతులు విమానాలు, వాహనాల దీపాలని తేలింది. మిగతావాటికి అందరూ ఒప్పుకున్న వివరణ లేదు.

తెలుగునాట కరెంటు దీపాలు పెరిగి, చెరువులు పూడి, ఆ చీకటే కరువైంది. కొరివి దయ్యాన్ని చూశామనే పెద్దలు ఇంకా ఉన్న ఊళ్లలో వారి మాటలను ఇప్పుడే రాసిపెట్టాలి. ఏ చోట, ఏ నెలలో, వాన పడ్డాకా ముందా, మంట ఏ రంగు, నేలకు ఎంత ఎత్తున అన్న వివరాలు జానపద పరిశోధకులకూ రసాయన శాస్త్రవేత్తలకూ సమానంగా అవసరం.