కాలేజీ చదువునకు ధాన్యపు లెక్క

జూన్, జూలై నెలలలో మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు రెండు తెగలుగా నుందురు. నారుమళ్లకు విత్తనములు, దమ్ముకు ట్రాక్టరు కిరాయి, ఊడ్పు కూలి, ఎరువులు - వీనికై పంటఋణము కోరువారు మొదటి తెగ. అదే ఋణమును ఎరువుల పేర తీసికొని పిల్లవాని కాలేజీకి కట్టదలచినవారు రెండవ తెగ. వీరు నోరు విప్పి చెప్పరు. సార్వా నడుమ రెండవ కోటు ఎరువునకు చేత పైకము లేక మరల వచ్చినప్పుడు సంగతి బయటపడును.

ఇందు వారిని నిందింప మాకు మనసొప్పదు. కాలేజీలు ప్రవేశములు జరుపు దినములును, డెల్టాలో ఊడ్పులు సాగు దినములును ఇంచుమించు ఒక్కటే. దాళ్వా ధాన్యమమ్మిన సొమ్ము అప్పటికి పాత బాకీలకు చెల్లిపోవును. సార్వా సొమ్ము సంక్రాంతికి గాని రాదు. కాలేజీవారు సంక్రాంతి వఱకు ఆగరు. అందుచేత చేతికందిన పంటఋణమే ఫీజుగా మారుచున్నది.

దీని వలన కలుగు నష్టమును లెక్క వేసి చూడవలెను. రూ. 3 లక్షల వఱకు పంటఋణమునకు వడ్డీ నూటికి 7 వంతున నుండగా, గడువు లోపల తీర్చినవారికి 3 వంతులు తగ్గి 4 మాత్రమే పడును. ఎరువునకు పెట్టిన రూపాయి ఆఱు నెలలలో గింజలై తిరిగివచ్చును. ఫీజుగా కట్టిన రూపాయి నాలుగేండ్లకో, ఐదేండ్లకో, పిల్లవానికి ఉద్యోగము దొరకిన పిమ్మట గాని తిరిగిరాదు. కావున గడువు దాటిపోవును, వడ్డీ తగ్గింపు పోవును, మఱుసటి ఏడు కొత్త ఋణము దొరకదు. అప్పుడు రైతు గ్రామములో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి నోటు వ్రాయును.

రెండు రూపాయలనిన చిన్నమాటగా తోచును గాని అది యేడాదికి నూటికి 24. ఏడాదికి రూ. 1,50,000 చొప్పున నాలుగేండ్లు అప్పుచేసి చదివించినచో, అసలు రూ. 6,00,000 కాగా, నాలుగవ ఏడు ముగియునాటికి బారువడ్డీయే రూ. 3,60,000 అగును. మూడేండ్లకు కాలదోషము పట్టకుండ మొదటి నోటును తిరగవ్రాయుదురు గదా, అప్పుడు రూ. 1,50,000ల నోటు రూ. 2,58,000ల నోటగును. నాలుగవ యేటి వడ్డీ రూ. 36,000లకు బదులు రూ. 61,920 పడును. అరయెకరము చదువు క్రింద పోయినదని జనులందురు. మా లెక్కలో అది చదువు క్రింద పోలేదు, వడ్డీ క్రింద పోయినది.

వాన యెప్పుడు పడునో చెప్పలేము. ధర యెంత పలుకునో చెప్పలేము. బిడ్డ పదునెనిమిదవ యేట కాలేజీకి వెళ్లునన్నది మాత్రము బిడ్డ పుట్టిననాడే తెలిసియున్న విషయము. రైతునకు వచ్చు పెద్ద ఖర్చులలో ఇంత ముందుగా తేదీ తెలియునది మఱియొకటి లేదు. అట్టిదానికి అప్పుచేయుట వింతగా లేదా?

మొదటి పని, నేడు ఆ చదువునకు ఎంతయగుచున్నదో కనుగొనుట. దీనికి పొరుగున కాలేజీలో పిల్లలను చదివించుచున్న యిద్దరు ముగ్గురిని అడిగిన చాలును. కాలేజీవారి కరపత్రమును నమ్మవలదు. కరపత్రములో బోధనాఫీజు మాత్రమే కనబడును. హాస్టలు, భోజనము, పరీక్ష ఫీజులు, పుస్తకములు, కంప్యూటరు, పండుగలకు వచ్చిపోవు చార్జీలు, బట్టలు అందు కనబడవు. పట్టణములో నుంచి చదివించినవారు తమ పద్దులను నిజముగా వ్రాసికొన్నచో, పెక్కుచోట్ల హాస్టలు ఖర్చు ఫీజును మించుట చూతురు. రెండు రాష్ట్రములలోను అర్హులైన పిల్లలకు ప్రభుత్వము బోధనాఫీజును చెల్లించు పథకములు గలవు. అవి గొప్ప సాయమే. కాని ఆ సొమ్ము ఆలస్యముగా వచ్చుటయు, అంతవఱకు తలిదండ్రులే కట్టవలసివచ్చుటయు మన మెఱుగనిది కాదు. యాజమాన్య కోటాలో చేరినవారికి ఆ సాయము లేదు. కావున దానిని లెక్కలో ఆశగా నుంచుకొనవచ్చును గాని ఆధారముగా నుంచుకొనరాదు.

ఇచ్చట ఇంటర్మీడియట్ సంగతి కూడ చెప్పక తీరదు. డిగ్రీకై కూడబెట్టిన సొమ్ము ఆ రెండేండ్లలోనే, హాస్టలుతో కూడిన ప్రైవేటు కాలేజీలకు పోసి, అసలు కాలేజీ వచ్చుసరికి ఖాళీచేతులతో నిలిచినవారిని మేము చాలమందిని చూచితిమి. పోటీపరీక్షల శిక్షణకు విలువ లేదని మేమనము. ఆ ఖర్చును వేఱుగా వ్రాసికొని, అది భరింపగలమో లేదో వేఱుగా తేల్చుకొనవలెనని మాత్రము మా అభిప్రాయము. ప్రభుత్వ జూనియరు కాలేజీలో చదివి ఇంజనీర్లైనవారు ఈ జిల్లాలలో తక్కువగా లేరు.

ఇక లెక్క. మూడేండ్ల బిడ్డ గల తండ్రి యొకడున్నాడనుకొందము. నాలుగేండ్ల చదువునకు నేటి ధరలలో ఏడాదికి రూ. 1,50,000 చొప్పున రూ. 6,00,000 అగునని తెలిసికొన్నాడు. ఖర్చులు ఏటేట నూటికి 6 పెరుగుననుకొందము. ఇది మా ఊహయే గాని, తక్కువగా ఊహించి మోసపోవుట కంటె ఇది మేలు. 72ను పెరుగుదల శాతముతో భాగించినచో ఎన్నియేండ్లకు రెట్టింపగునో తేలును. 72ను 6తో భాగించిన 12. అనగా పండ్రెండేండ్లకు ఖర్చు రెట్టింపు. తక్కిన మూడేండ్ల పెరుగుదలయు కలుపగా, పదునైదేండ్లకు సుమారు 2.4 రెట్లు. రూ. 6,00,000 నాటికి రూ. 14,40,000 అగును.

ఈ మొత్తము చూచి బెదరి పుస్తకము మూసివేయు వారున్నారు. కొంచెమాగుడు. ఖర్చు పెరుగుచుండగా దాచునదియు పెంచుచుండవలెను. నూటికి 7 వడ్డీ వచ్చుచోట మొదటి యేట రూ. 37,000 వేసి, ప్రతి యేట దానిని నూటికి 6 చొప్పున పెంచుచు పోయినచో, పదునైదేండ్లకు ఆ మొత్తము చేరును. రెండవ యేట రూ. 39,220, చివరి యేట సుమారు రూ. 83,600. పెంచకుండ ఒకే మొత్తము వేయదలచినచో ఏటేట రూ. 53,500 కావలెను. ఏడేండ్లు ఆలసించి, బిడ్డకు పదియేండ్లు వచ్చిన పిమ్మట ఆరంభించినచో అదే గమ్యమునకు ఏటేట రూ. 1,31,000 వేయవలెను. ఆలస్యపు వెల యిది.

కాలేజీ ఖర్చంతయు మొదటిదినముననే పడదు గదా యని ఒకరడుగవచ్చును. నిజమే. ఆ నాలుగేండ్లలో మిగిలిన సొమ్మునకు వడ్డీ వచ్చుచుండును, అటు ఖర్చును పెరుగుచుండును. ఒకదానికొకటి చెల్లునని వదలివేసితిమి.

రూపాయలలో కంటె బస్తాలలో చెప్పిన మనకు బాగుగా తెలియును. 2025-26 ఖరీఫునకు సాధారణ రకపు ధాన్యమునకు ప్రకటింపబడిన మద్దతుధర క్వింటాలునకు రూ. 2,369. అనగా 75 కిలోల బస్తా సుమారు రూ. 1,777. పై మొదటి యేటి రూ. 37,000 ఇంచుమించు 21 బస్తాలు. సార్వాలో పది, దాళ్వాలో పదకొండు. మూడెకరముల రైతునకు, పెట్టుబడి పోగా, ఇది బరువే. అందుచేత సగము దాచుట, సగము విద్యాఋణమునకు విడుచుట అను మార్గమును మేము సూచించుచున్నాము. అప్పుడు ఏడాదికి పదిన్నర బస్తాలు. పంటకు ఐదు చొప్పున. కౌలుదారునకు ఐదును బరువైనచో రెండింటితో నారంభింపవచ్చును. కళ్లములో కాటా వేసిననాడే ఆ బస్తాల సొమ్మును వేఱుచేయవలెను. ఇల్లు చేరినచో అది చేరదు. నెలజీతగాండ్రకు కుదురు నెలవారీ పొదుపు మనకు కుదరదు. మన జీతము ఏడాదికి రెండుమార్లే.

ఎచ్చట దాచవలెను? ఆడబిడ్డకు పదియేండ్లు నిండకముందు పోస్టాఫీసులోగాని బ్యాంకులోగాని సుకన్య సమృద్ధి ఖాతా తెఱువవచ్చును. 2015లో ప్రారంభింపబడిన ఈ పథకములో ఏడాదికి రూ. 250కి తక్కువ కాకుండ, రూ. 1,50,000 మించకుండ, పదునైదేండ్లు వేయవచ్చును. దీని వడ్డీ 2024 జనవరిలో నూటికి 8.2గా నిర్ణయింపబడినది, మూడునెలలకొకమారు ప్రభుత్వము మరల నిర్ణయించును. కాని యొక మెలిక గలదు. ఖాతా తెఱచిన 21 యేండ్లకు గాని పూర్తి సొమ్ము రాదు. మూడవ యేట తెఱచినచో బిడ్డకు 24 యేండ్లు వచ్చును. అప్పటికి కాలేజీ ముగిసిపోవును. బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండినను, పదవ తరగతి ముగిసినను, చదువు కొఱకు గత సంవత్సరాంతపు నిలువలో సగము వఱకు తీయవచ్చును, అదియు కాలేజీవారు అడిగిన ఫీజులకు లోబడి. కావున మొత్తము దీనిలోనే పోయరాదు. పబ్లిక్ ప్రావిడెంటు ఫండు ఖాతా, మగబిడ్డకైనను ఆడబిడ్డకైనను, పదునైదు ఆర్థిక సంవత్సరములకు ముగియును; దాని వడ్డీ 2020 ఏప్రిలులో నూటికి 7.1కి తగ్గింపబడినది. బిడ్డకు రెండు మూడేండ్ల వయసులో తెఱచినచో కాలేజీకి సరిగా అందివచ్చును.

మన సంఘములో డిపాజిటు వేయవచ్చునా యని అడుగుదురు. సంఘపు పత్రికలో వ్రాయుచు దాచుట ధర్మము కాదు గనుక చెప్పుచున్నాము: జిల్లా సహకార కేంద్ర బ్యాంకులోని డిపాజిట్లకు, అసలు వడ్డీ కలిపి రూ. 5 లక్షల వఱకు, 2020 ఫిబ్రవరి నుండి భీమా గలదు. ప్రాథమిక సంఘములలోని డిపాజిట్లకు ఆ భీమా లేదు. పదునైదేండ్ల సొమ్మును భీమా గలచోట నుంచుట మంచిది. ఒకటి రెండేండ్ల సొమ్ము సంగతి వేఱు. చీటీపాటలను గూర్చి మేమేమియు చెప్పము. పాడినవాడు ఊరు విడిచిన కథలు ప్రతి గ్రామమునకును తెలియును.

విడిచిన సగమునకు విద్యాఋణము. బ్యాంకుల నమూనా పథకము ననుసరించి రూ. 4 లక్షల వఱకు హామీభూమి గాని తాకట్టు గాని అక్కఱలేదు. తండ్రియో తల్లియో సహఋణస్థులుగా నుండవలెను. చదువు ముగిసిన యేడాదికి గాని వాయిదాలు మొదలుగావు. చదువుకాలములో బారువడ్డీయే పడును. వీలైనంత వఱకు ఆ వడ్డీని పంటకు పంట కట్టుచుండుట మేలు. ఇది గ్రామములోని రెండు రూపాయల నోటుతో పోల్చదగినది కానేకాదు. పట్టాదారు పుస్తకమును ఇంటిలోనే యుంచుకొనవచ్చును.

ఒక్కమాట ఆడపిల్లలను గూర్చి. కొడుకు పేర కాలేజీకని, కూతురు పేర పెండ్లికని దాచు ఆచారము మనలో నింకను గలదు. సుకన్య ఖాతా పుస్తకమును చూపి 'ఇది దాని పెండ్లికి' అనినవారు మాకు తారసపడిరి. పదునెనిమిదవ యేట ఆ పుస్తకములోనుండి సొమ్ము తీసి కాలేజీకి కట్టుటకు చట్టమే దారి చూపినది గదా.

ఇదివఱకే పిల్లలు పదవ తరగతికి వచ్చిన సభ్యులకు పై లెక్క కొంత కష్టము కలిగించియుండును. వారికి మిగిలిన కాలములో పెద్ద మొత్తము చేరదు. అయినను మొదటి సంవత్సరపు హాస్టలు ఖర్చు, ప్రవేశపు ఖర్చు ముందే చేతనుంచుకొన్నచో ఊడ్పుల సమయమున పంటఋణమును ముట్టనక్కఱలేదు. దాళ్వా ధాన్యపు సొమ్ము వచ్చిన వారములో, పొరుగువారి నడిగి వ్రాసికొన్న ఖర్చుల చీటీతో కార్యాలయమునకు వచ్చినచో, ఎవరి లెక్క వారికి వేసి యిచ్చుటకు గుమాస్తాగారు అంగీకరించియున్నారు. చీటీలో హాస్టలు ఖర్చు మఱువకుడు.