దోనెలో నిలబడి వల విసరవచ్చునా?

అరకులోయకు పడమరగా, మాచ్‌ఖండ్ నదిపై జోలాపుట్టు జలాశయం ఉన్నది. 1955లో విద్యుదుత్పత్తి ఆరంభించిన మాచ్‌ఖండ్ కేంద్రానికి కావలసిన నీరు ఇక్కడ నిలువ ఉంటుంది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల నడుమ వ్యాపించిన ఈ నీటిపై గిరిజనులు నాటు పడవలలో రాకపోకలు సాగిస్తారు, చేపలు పడతారు. మాను తొలిచి చేసిన దోనెకు వెడల్పు తక్కువ. అందులో కూర్చుండి తెడ్డు వేసే మనిషి నిశ్చింతగా పోగలడు. అతడే లేచి వల విసరబోతే దోనె బోర్లపడవచ్చును. ఎందుచేత?

తేలే దోనెపై రెండు బలాలు పనిచేస్తాయి. బరువు గరిమనాభి వద్ద క్రిందికి లాగుతుంది. నీటి ప్లవన బలం, మునిగిన భాగపు మధ్యబిందువు వద్ద పైకి నెట్టుతుంది. ఈ బిందువే ప్లవన కేంద్రం. దోనె కొద్దిగా ఒరిగితే ప్లవన కేంద్రం ఒరిగిన వైపునకు జరుగుతుంది. అక్కడినుండి నిట్టనిలువుగా గీసిన గీత దోనె నడిమి గీతను ఖండించే చోటును మెటాసెంటరు అంటారు. గరిమనాభి దీనికి దిగువన ఉంటే దోనె మరల సరిగా నిలుస్తుంది. ఎగువన ఉంటే ఇంకా ఒరిగిపోతుంది.

ఒక లెక్క చూతము. దోనె 4 మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 90 కిలోల బరువు గల చదునైన పెట్టె అనుకొందము. అందులో 70 కిలోల మనిషి ఉన్నాడు. అప్పుడు మెటాసెంటరు దోనె అడుగునుండి సుమారు 48 సెం.మీ. ఎత్తున ఉంటుంది. మనిషి అడుగున చతికిలబడితే మొత్తం గరిమనాభి సుమారు 22 సెం.మీ. ఎత్తున ఉంటుంది, భయం లేదు. నిలబడితే అది 50 సెం.మీ.కు చేరుతుంది. ప్రమాదం ఆ రెండు సెంటీమీటర్లలోనే ఉన్నది! అదే బరువుతో వెడల్పును 75 సెం.మీ. చేస్తే మెటాసెంటరు 90 సెం.మీ.కు లేస్తుంది. ప్లవన కేంద్రంపై దాని ఎత్తు వెడల్పు ఘనాన్ని అనుసరించి పెరగడమే దీనికి కారణం.

వల విసరడంలో మరొక చిక్కు ఉన్నది. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం, వలను ముందుకు నెట్టిన మనిషిని వల వెనుకకు నెట్టుతుంది. ఈ ప్రతిచర్య భుజాల ఎత్తున పనిచేస్తుంది. దోనె అడుగును నీరు పట్టి ఉంచుతుంది. కనుక ప్రక్కకు విసిరినపుడు దోనె తిరగబడే వైపునకు మొగ్గుతుంది.

గ్రీన్లాండు ఇన్యూట్ జనుల వేటపడవ కయాక్. నేడు దానిలో కూర్చుండి గాలం విసిరే క్రీడాకారులకూ ఇదే సంకటం. ఈకలు, దారం చుట్టి ఈగవలె చేసిన వారి కొక్కేనికి బరువు ఉండదు. బరువైన త్రాటినే ముందు వెనుకలకు ఊపి దానిని దూరం పంపాలి. క్రిందుగా కూర్చుంటే త్రాడు వెనుక నీటిని తాకుతుంది. నిలబడితే పడవ ఒరుగుతుంది.

2021 మే నెలలో సీలేరు జలాశయంలో నాటు పడవలు మునిగి ఒడిశా వలస కూలీలు మరణించారు. మనిషి ఎంత నేర్పరియైనా పడవ ఈ సూత్రాలను దాటజాలదు. కనుక దోనెలో కూర్చుండియే వలను నీటిలోకి జారవిడవడం మేలు. నిలబడక తప్పనిచో రెండు దోనెలను ప్రక్క ప్రక్కన వెదురు బద్దలతో బిగించవలెను. లైఫ్ జాకెట్టు ఎల్లప్పుడూ ఒంటిపై ఉండవలెను.

ఉపాధ్యాయులు దీనిని ఒక నీళ్ల తొట్టిలో చూపవచ్చును. అరటి డొప్పలో మట్టిముద్దను పరచి నీటిపై వదలండి, తేలుతుంది. అదే ముద్దను జానెడు పుల్ల కొనకు గుచ్చి డొప్పలో నిలబెట్టండి, బోర్లపడుతుంది. మట్టి బరువు మారలేదు, మారినది దాని ఎత్తు మాత్రమే. ఈ సంగతి పిల్లవాడు తానే కనిపెట్టి చెప్పగలిగితే, రేపు ఏటి ఒడ్డున దోనె ఎక్కేటప్పుడు అతడు తప్పక కూర్చుంటాడు.