సైరన్ నొక్కేది ఎవరు?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. జనం నిద్రలో ఉన్నారు. సైరన్ మోగించే ఏర్పాటు ఫ్యాక్టరీలో 36 చోట్ల ఉన్నా ఎవరూ వాడలేదని ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది. పరికరం కొనడం తేలికే. ఎవరినీ అడగకుండా దాన్ని నొక్కే అధికారం రాత్రి షిఫ్టు ఉద్యోగికి ముందే రాసివ్వడమే అసలు సన్నాహం.

ఏం జరిగింది, ఎటు వెళ్లాలి, ఏం చేయకూడదు అన్న సందేశాలూ వాడుక తెలుగులో సిద్ధంగా ఉండాలి. ‘పరిస్థితి అదుపులో ఉంది’ అన్న మాట ఎవరికీ దారి చూపదు. సంస్థ తరఫున మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి. తెలియనిది తెలియదని ఒప్పుకొని, మళ్లీ ఎన్నింటికి చెబుతారో ప్రకటించాలి. చుట్టుపక్కల కాలనీలతో కలిసి మాక్ డ్రిల్ చేస్తే లోపాలు బయటపడతాయి, అదీ రాత్రిపూట చేస్తే. పగటి డ్రిల్‌లో ఫొటోలు మాత్రం బాగా వస్తాయి.