జ్వరం వస్తే బడికీ కబురు చేయండి



"వానలే సరిగా పడని అనంతపురంలో డెంగీ ఏంటండీ?" అని చాలామంది అడుగుతుంటారు. నిజానికి నీళ్ల కరువే ఇక్కడ డెంగీకి దారి ఇస్తుంది. కొళాయి వచ్చిన రోజే డ్రమ్ములు, తొట్లు, సంపులు నింపి పెట్టుకుంటాం కదా! డెంగీని మోసే ఏడిస్ దోమ అలా నిలవ ఉంచిన మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. అది ఎక్కువగా కుట్టేది పగటిపూట, అంటే పిల్లలు బడిలో ఉండే వేళ కూడా.

డెంగీ ఒకరి నుంచి ఇంకొకరికి నేరుగా అంటదు. జ్వరం ఉన్నవారిని కుట్టిన దోమ ఒంట్లో వైరస్ పెరగడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ తర్వాత అది కుట్టినవారికి 4 నుంచి 10 రోజుల్లో జ్వరం వస్తుంది. కాబట్టి మొదటి జ్వరం సంగతి వెంటనే తెలిస్తే, ఆ వీధిలో దోమలను అరికట్టడానికి దాదాపు వారం గడువు దొరుకుతుంది. ఆలస్యంగా తెలిస్తే ఆ గడువు పోయినట్టే.

ఇలాంటి సమాచారం కోసమే మన దేశంలో 2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. అనుమానం ఉన్న జ్వరాలను ఆరోగ్య కార్యకర్తలు, లక్షణాలను బట్టి గుర్తించిన కేసులను డాక్టర్లు, పరీక్షలో తేలిన కేసులను ల్యాబులు జిల్లా నిఘా విభాగానికి తెలియజేస్తాయి. ఒకేచోట కేసులు పెరిగితే సిబ్బంది ఇంటింటికీ వచ్చి జ్వరాల గురించి అడుగుతారు, తొట్లలో లార్వా ఉందేమో చూస్తారు. పొగ కొడితే ఎగిరే దోమలే చస్తాయి. నీళ్లలోని లార్వా చావదు.

ఈ గొలుసులో మొదటి కొస మీ ఇల్లే. అందుకే ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

1. బిడ్డకు జ్వరం వస్తే లీవ్ లెటర్‌లో "ఊరికి వెళ్లాం" అని కాకుండా "జ్వరం" అనే రాయండి. ఒకే క్లాసులో ముగ్గురు నలుగురికి జ్వరమొస్తే అప్పుడే మాకు అర్థమవుతుంది.

2. పరీక్షలున్నాయని మాత్ర వేసి బడికి పంపకండి. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకండి.

3. జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్తగా ఉండాల్సిన సమయం. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, ముక్కు లేదా చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

4. ప్రతి శుక్రవారం డ్రై డే పాటించండి. డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేసి, లోపలి గోడలను బ్రష్‌తో రుద్ది కడగండి. అంటుకున్న గుడ్లు నీళ్లు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. నీళ్లు నింపాక మూత పెట్టండి.

డైరీలో మీరు రాసే ఒక్క "జ్వరం" అనే మాట పక్కబెంచీ బిడ్డను కూడా కాపాడవచ్చు.