నెలనెలా ఈ నొప్పి ఓర్చుకోవలసిందేనా?

"నెలసరి నొప్పి ఎవరికి లేదు? ఒక కాన్పయితే అదే పోతుంది" అనే మాట మన ఇళ్లలో తరచు వింటాము. కొద్దిపాటి నొప్పి సహజమే. అయితే బడి మాని, కూలి మాని పడుకోవలసినంత నొప్పి సహజము కాదు. దానికి తోడు భార్యాభర్తల కలయికలో నొప్పి, ముట్టు రోజులలో విరేచనమప్పుడు నొప్పి, పిల్లలు కలుగకపోవడము ఉంటే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బేమో చూపించుకోవాలి.

గర్భసంచి లోపలి పొర వంటిదే సంచి వెలుపల, అండాశయాలపైన, ప్రేగులపైన పెరగడమే ఈ జబ్బు. పిల్లలను కనే వయస్సులో నూటికి 10 మందికి ఇది ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇది ఎవరి పాపఫలమూ కాదు. స్కానింగులో ఏమీ కనబడనంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు.

దీనిని పూర్తిగా పోగొట్టే మందు లేదు గాని, అదుపులో ఉంచే మార్గాలున్నాయి.

మొదటిది, ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆసిడ్ వంటి నొప్పి మాత్రలు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వీటిని వాడరాదు.

రెండవది హార్మోను వైద్యము: గర్భనిరోధక మాత్రలు, డైనోజెస్ట్ మాత్రలు, హార్మోను గల లూపు. పెళ్లికాని అమ్మాయికి ఈ మాత్రలు వ్రాసినా తల్లులు కంగారుపడనక్కరలేదు. ఇక్కడ అవి నొప్పికే మందు. బిడ్డ కావాలనుకునేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మూడవది లాపరోస్కోపీ. పొట్టకు చిన్న రంధ్రాలు చేసి, గర్భసంచిని ఉంచి, జబ్బు పొరలను మాత్రమే తీసివేస్తారు. కొందరికి దీనివలన గర్భము నిలుస్తుంది. జబ్బు మరల రావచ్చును కూడా.

గర్భసంచి తీయించుకోవడము చివరి మాట. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 ఏళ్ల స్త్రీలలో ఏదో ఒక కారణముచేత గర్భసంచి తీయించుకున్నవారు దేశములో నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. సంచి తీసినా, వేరేచోట జబ్బు మిగిలితే నొప్పి తిరిగి వస్తుంది. చిన్న వయస్సులో అండాశయాలు కూడా తీసివేస్తే ఎముకలు బలహీనపడతాయి. కాబట్టి "వేరే వైద్యము లేదా? అండాశయాలు ఉంచుతారా?" అని అడగండి. మరొక స్త్రీల డాక్టరుకు చూపించండి.

సహోదరులారా, ఆమెను ఒంటరిగా పంపక మీరును వెంట వెళ్లండి. ఆమె బాధ నటన కాదని మొదట నమ్మవలసినవారు మీరే.