మెంతుల్లో ఉన్నదీ, మాత్రలో ఉన్నదీ

అమ్మలూ, మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. పక్కనే మీ అమ్మ ఉంది. మామగారినైన నా ముందు ముట్లుడగడం సంగతి ఎత్తితే తను సిగ్గుతో చితికిపోతుంది. రాజపాళయం రాజుల ఇళ్లలో తరతరాలుగా తెలుగును ఎలా కాపాడుకున్నామో, ఈ మౌనాన్నీ అలాగే కాపాడుకున్నాం. తెలుగు సంగతికి సంతోషమే గానీ, ఈ మౌనం వల్ల ఆడవాళ్లు పడే బాధ చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

రాత్రి రెండింటికి హాల్లో లైటు వెలుగుతుంది. మీ అమ్మ కొండవైపు కిటికీ తెరుచుకుని, చల్లటి గచ్చు మీద అరికాళ్లు ఆనించి కూర్చుంటుంది. జాకెట్టు వీపంతా తడిసి ముద్దయి ఉంటుంది. పది నిమిషాలు గడిచేసరికి చలి పుట్టి దుప్పటి కప్పుకుంటుంది. ఏడాదిగా ఇదే వరస. ఇప్పుడెవరో అడవి దుంపతో చేసిన ‘బయోఐడెంటికల్’ హార్మోను క్రీము ఉంది, అంతా సహజం, ఏ హానీ లేదు అన్నారట. దాని గురించే కదా నువ్వడిగింది.

ముందు ఆ వేడి ఆవిర్ల సంగతి మన మిల్లు పోలికతో చెబుతాను. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజాగారు రాజపాళయం మిల్స్ పెట్టిన నాటి నుంచి ఈ ఊళ్లో ఎన్నో ఇళ్ల పొయ్యి నూలు మీదే వెలిగింది. నేనూ ఒక మిల్లులో ముప్పై ఏళ్లు తేమ ప్లాంటు చూశాను. గాలి పొడిబారితే దారం పుటుక్కున తెగుతుంది. అందుకని రింగ్ ఫ్రేముల హాల్లో తేమ 55, 60 శాతం మధ్య ఉంచేవాళ్లం. కొలిచే పరికరం బాగున్నంతకాలం కాస్త అటూ ఇటూ అయినా ప్లాంటు కదలదు. అది చెడిందా, రవ్వంత తేడాకే ఫ్యాన్లూ నీటి జల్లూ ఒక్కసారిగా లంకించుకుంటాయి. మెదడులో హైపోథలామస్ అనే చోట ఒంటి వేడిని చూసుకునే ప్లాంటు ఉంది. దాని పక్కనున్న కొన్ని నాడీకణాలను ఈస్ట్రోజన్ అదుపులో ఉంచుతుంది. అండాశయాలు ఈస్ట్రోజన్ చేయడం మానేశాక ఆ కణాలు రెచ్చిపోతాయి. డిగ్రీలో ఏ పదోవంతో వేడి పెరిగినా మెదడు ఒళ్లు కాలిపోతోందనుకుని చర్మంలో రక్తనాళాలు తెరిచి చెమట పట్టిస్తుంది. ‘వయసు వచ్చింది, ఓర్చుకో’ అని కొట్టిపారేసే భ్రమ కాదమ్మా ఇది.

ఇక బయోఐడెంటికల్ మాట. అండాశయం చేసే ఈస్ట్రడయోల్ అణువులో 18 కార్బన్లు, 24 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు ఉంటాయి. ఎక్కడ తయారుచేసినా అణువు అచ్చంగా అలాగే ఉంటే బయోఐడెంటికల్ అంటారు. ఆ మాటకి అంతవరకే అర్థం. 1942లో అమెరికాలో అనుమతి వచ్చిన ప్రెమరిన్ మాత్ర చూడి గుర్రాల మూత్రం నుంచి తీసింది. పుట్టుక చూస్తే అది సహజమే, కానీ అందులో ఈక్విలిన్ లాంటి గుర్రపు హార్మోన్లు ఉంటాయి, అవి మన ఆడవాళ్ల ఒంట్లో ఉండవు.

మన ఒంట్లో ఉండే హార్మోనునే సంపాదించడం ఒకప్పుడు ఎంత కష్టమో విను. 1930ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీ బృందం నాలుగు టన్నుల ఆడపందుల అండాశయాలను వడగట్టి తీసిన ఈస్ట్రడయోల్ 12 మిల్లీగ్రాములు. రోజుకి ఒక మిల్లీగ్రాము మాత్ర చొప్పున లెక్కేస్తే ఒక మనిషికి పన్నెండు రోజులకు సరిపోతుంది. ఆ తరవాత 1940ల్లో రసాయన శాస్త్రవేత్త రసెల్ మార్కర్ మెక్సికో అడవుల్లో ఒక దుంప పట్టుకున్నాడు. మన పెండలం జాతిదే. అందులోని డయోస్జెనిన్ అనే పదార్థాన్ని ఒక్కొక్క మెట్టుగా చీల్చి, మార్చి, మరో ఆడ హార్మోను ప్రొజెస్టిరాన్‌ను కిలోల లెక్కన చేశాడు. 1944లో మెక్సికోలో సింటెక్స్ కంపెనీ పుట్టింది ఆ దుంప మీదే.

మన వంటింట్లో మెంతుల డబ్బా ఉంది చూడు, ఆ గింజల్లోనూ డయోస్జెనిన్ ఉంటుంది. మరి మెంతులు నమిలితే ప్రొజెస్టిరాన్ వస్తుందా? రాదు. మార్కర్ గాజు కుప్పెల్లో చేసినట్టు డయోస్జెనిన్‌ను ప్రొజెస్టిరాన్‌గా మార్చే ఎంజైములు మన ఒంట్లో లేవు. ఉత్త దుంప సారంతో చేసిన క్రీము రాసుకున్నా అంతే. అందులో నిజంగా హార్మోను కలిపి ఉంటే మాత్రం అది మందు, ఎంత కలిపారో తెలియకుండా రాసుకోవలసింది కాదు.

ఆడవాళ్లు ఇలాంటి క్రీముల వైపు పరుగెత్తడానికి పెద్ద కారణం భయం. 2002 జూలైలో అమెరికాలో 16,608 మంది మీద జరుగుతున్న ఒక పరీక్షను మధ్యలో ఆపేశారు. వాళ్లలో దాదాపు సగం మందికిచ్చింది గుర్రపు ఈస్ట్రోజన్, దానితో కలిపి మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే కృత్రిమ మందు. రొమ్ము క్యాన్సర్ ఏడాదికి పదివేల మందిలో 30 మందికి వచ్చే చోట 38 మందికి వచ్చింది. గుండె జబ్బులూ పక్షవాతాలూ కూడా కొంత పెరిగాయి. ఆ పరీక్షలో ఉన్నవాళ్ల సగటు వయసు 63. మీ అమ్మకి 49. అరవై లోపు, ముట్లుడిగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతురాలి లెక్క వేరు. ఆ భయం చూసుకుని అక్కడ కొన్ని మందుల షాపులు ఉమ్మి పరీక్ష చేసి ఎవరికి వారికి హార్మోన్లు కలిపి ఇవ్వడం పెంచాయి. ఆ మిశ్రమాలు మేలని చెప్పడానికి తగిన రుజువు లేదని 2020లో అమెరికా జాతీయ అకాడమీలు తేల్చాయి.

విడ్డూరం ఏమిటంటే, అసలైన బయోఐడెంటికల్ మందు పెద్ద డాక్టర్లు రాసే చీటీలోనే ఉంది. చర్మానికి రాసుకునే ఈస్ట్రడయోల్ జెల్, అతికించుకునే ప్యాచ్, మెత్తగా నూరిన ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్. జెల్ రక్తంలోకి నేరుగా వెళుతుంది, మాత్రలా ముందు కాలేయం గుండా పోదు కనుక రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. ప్రొజెస్టిరాన్ మత్తు తెస్తుంది కాబట్టి పడుకోబోయే ముందు వేసుకోమంటారు. కొన్ని క్యాప్సూళ్లలో వేరుశనగ నూనె ఉంటుంది, అది పడనివాళ్లు అడిగి చూసుకోవాలి. గర్భసంచి ఉన్నవాళ్లకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. ప్రొజెస్టిరాన్ తోడుండాలి అనేది అందుకే.

గర్భసంచి అంటే గుర్తొచ్చింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దాంతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం ఏళ్ల మీద మెల్లగా రాదు, ఒక్క రాత్రిలో వచ్చి పడుతుంది. ముప్పై అయిదేళ్ల పిల్లకి అలా జరిగితే ఎముకలూ గుండే కూడా ముందే నష్టపోతాయి. వాళ్లకి ఈ మందు గురించి చెప్పేవాళ్లే కరువు.

శనివారం చెన్నై నుంచి బస్సెక్కి రా. లేడీ డాక్టరు దగ్గరికి మీరిద్దరూ వెళ్లండి, మగవాళ్లెవరూ రారు. మన ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, అమ్మకి కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, ముట్లాగాక మళ్లీ ఎర్ర కనిపించిందా, లివరు జబ్బు ఉందా, ఈ నాలుగూ కాగితం మీద రాసి తీసుకెళ్లు. ఎర్ర కనిపించి ఉంటే ముందు ఆ సంగతే చెప్పు. కారు నేను మాట్లాడి ఉంచుతాను. ఆ క్రీముకి ఆర్డరు పెట్టొద్దని మాత్రం ఇవాళే అమ్మకి చెప్పెయ్.